మూడు నిమిషాల పచ్చి గొంతు

జగదాంబ కూడలిలో దెబోరా సరకుబండి పక్కనున్న ఆటోను కాస్త గీసింది. ఆటో నడిపే మనిషి కిందికి దూకి, చెయ్యి ఊపుతూ మీదికొచ్చాడు.

"ఏటే, కళ్ళు గానీ పోనాయేటి నీకు? బీరువాలంత పెట్టెలేసుకుని రోడ్డెక్కీడమేనా? నీ బండి తగలెయ్య!"

చుట్టూ నిలబడ్డ నలుగురూ ముచ్చటగా చూశారు. వాళ్ళ చెవుల్లో ఆ మాటలు 'అమ్మా, కాస్త చూసి నడపండి, బరువు ఎక్కువైనట్టుంది' అన్నంత మెత్తగా పడ్డాయి. వాళ్ళందరికీ మృదుశ్రవణులు ఉన్నాయి. అది కాగితాల మీది పేరు, జనం చెవిపూస అంటారు. పిల్లలకు అయిదో ఏడు రాగానే పెట్టించే ఆ గింజంత పరికరం ఊళ్ళోని కర్కశమంతా వడగట్టి లోపలికి పంపుతుంది. తిట్టు మర్యాదగా మారుతుంది, 'ఒరేయ్' అన్నా 'ఏమండీ' అనే వినిపిస్తుంది, అపశ్రుతిలో పాడిన పాట శ్రుతిలో పడుతుంది. తన గొంతు తనకు కూడా తేనెలాగే ఉంటుంది. అరవై ఏళ్ళుగా విశాఖపట్నంలో ఎవరూ ఎవరి చేతా తిట్లు తినలేదు.

దెబోరా చెవుల్లో మాత్రం ఏమీ లేవు. మూడేళ్ళుగా లేవు.

"నీ బ్రేకులు నువ్వు సూసుకోరా ముందు, ఎదవా!" అందామె.

ఆటోవాడి ముఖం విచ్చుకుంది. "పర్లేదమ్మా, ఎల్లిరండి" అని చేతులు జోడించి నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అలాంటి నవ్వే మూడేళ్ళ కిందట వామనమూర్తి ముఖం మీద చూసింది. ఆ నవ్వును తుడిచెయ్యడానికే ఇవాళ ఈ పెట్టెలు మోసుకుపోతోంది.

వామనమూర్తి 'ఉప్పుగాలి' బృందంలో గాయకుడు, పెద్దదిక్కు కూడా. ఓడరేవు కార్యాలయంలో గుమాస్తాగా చేసి విరమించాడు. దెబోరా అదే రేవులో క్రేన్లు నడుపుతుంది. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవురోజుల్లో వాయించుకునే నలుగురైదుగురి బృందం అది. అందులో పదకొండేళ్ళు ఆమె పాటకు అడుగు స్వరాలిచ్చే బాస్ గిటారు వాయించింది.

ఆ ఏడాది రేవు వార్షికోత్సవంలో, పాట మధ్యలో, భుజం పట్టీని పట్టి ఉంచే మర ఊడిపోయింది. అయిదు కిలోల గిటారు జారి కాలి వేళ్ళ మీద పడింది. నొప్పికి వంగితే చెవిపూసలు రెండూ రాలి వేదిక పలకల సందుల్లోకి పోయాయి. అప్పుడు విందామె, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పచ్చి శబ్దం. డోలకు వాడు ఆపబోతుంటే వామనమూర్తి మైకు పక్కకు తిరిగి అన్నాడు: "ఆపకురా. దాని వాయింపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

నిజమే, ఒకటే. చెవిపూసలే బాసును నింపేసుకున్నాయి. హాల్లో ఒక్కరికీ తేడా తెలియలేదు. కానీ పదకొండేళ్ళు ఆ పాటలకింద నేలలా పడి ఉన్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కచేరీ అయ్యాక కుంటుకుంటూ పోయి ఆయన్ను నానా తిట్లూ తిట్టింది. మీరు పోయి నువ్వు వచ్చింది, నువ్వు పోయి ఇంకా చాలా వచ్చాయి. ఆయన అంతా విని, ఆమె తల నిమిరి, చల్లగా నవ్వాడు. "అలాగేనమ్మా. నీ మంచి మనసు నాకు తెలీదా?" అన్నాడు.

ఆ రాత్రే నిర్ణయించుకుంది. కొత్త పూసలు కొనలేదు.

పూసలు లేకుండా గిటారు పట్టుకుంటే గానీ ఆమెకు తెలియలేదు, దాని తీగలు ఏనాడూ శ్రుతిలో లేవని. ఎవరి తీగలూ లేవు. బిరడా ఎటు తిప్పినా చెవికి ఒకేలా వినిపిస్తుంటే శ్రుతి చేసుకునే పని ఎవరికి గుర్తుంటుంది? మొదటి నెలలో తన వాయింపు తానే వినలేక ఏడ్చింది. రెండో ఏటికి వేళ్ళు కాయలుకట్టి, స్వరం ఎక్కడుండాలో అక్కడ నిలబడింది.

పగ తీర్చుకునే దారి మాత్రం చెవిపూసల వాడకం పుస్తకంలోనే దొరికింది. చాలా లోతైన కంపం హద్దు మీరి వస్తే, లోపలి పొర చిరిగిపోకుండా పరికరం మూడు నిమిషాలు విశ్రాంతిలోకి పోతుందట. అంతసేపూ బయటి శబ్దం ఉన్నది ఉన్నట్టు లోపలికి వస్తుందట. ఇప్పటి హాళ్ళలో స్పీకర్లు పిడికిలంత ఉంటాయి కనుక అలాంటి కంపం ఎవరికీ ఎదురుకాలేదు. దెబోరా అనకాపల్లిలో పడగొట్టిన పాత సినిమాహాలు సామానులోంచి పళ్ళేలంత స్పీకర్లు నాలుగు ఏరుకొచ్చింది. ప్లైవుడ్ కోసి రెండు పెట్టెలు కట్టింది. తిరిగి బృందంలోకి వస్తానని కబురు పెడితే వామనమూర్తి సంతోషంగా రమ్మన్నాడు. ఆ సంతోషం ఆమెను ఇంకా మండించింది.

నాలుగింటికి రేవు ఉద్యోగుల హాలు చేరింది. వామనమూర్తి ఎదురొచ్చి పెట్టెల చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటమ్మా ఇది, కాపురం మార్చేస్తున్నావా?"

"పాత సరదా మూర్తి గారూ. నా పక్కనే పెట్టుకుంటాను."

"పెట్టుకో, పెట్టుకో. నీ రాకతో నిండుదనం వచ్చింది. మా మనవరాలు కూడా వచ్చింది, ముందు వరుసలో కూర్చోబెట్టాను."

మనవరాలి మాట వినగానే దెబోరా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్ళీ కేబుళ్ళు కలపసాగింది.

ఆంప్లిఫయర్ మీట నొక్కగానే టప్పుమని ఫ్యూజు పోయింది. ఇంకో ఫ్యూజు తెచ్చుకోలేదు. మూడేళ్ళు పథకం వేసి, అగ్గిపుల్లంత ఫ్యూజు దగ్గర ఓడిపోవడమా? పళ్ళతో ఒక పాత కేబులు చివర ఒలిచి, రాగి పోగు ఒకటి లాగి, పోయిన ఫ్యూజుకు చుట్టి బిగించింది. కాలితే కాలనీ, మూడు నిమిషాలు నిలిస్తే చాలనుకుంది. ఆంప్ గుర్రుమంటూ లేచింది.

అయిదు గంటలకు హాలు నిండింది. మొదటి రెండు పాటలూ ఆమె ధ్వని తగ్గించి, బుద్ధిగా వాయించింది. మూడోది వామనమూర్తి సొంత పాట. పల్లవి చివర గొంతు బాగా పైకి ఎక్కాలి. ఆయన కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తాడు. దెబోరా ధ్వని మీట చివరికంటా తిప్పి, అన్నిటికంటే లావు తీగను బలంకొద్దీ కొట్టింది.

నేల వణికింది. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. జనం గుండెల మీద చేతులు వేసుకున్నారు. మరుక్షణం అయిదు వందల మంది చెవుల్లో పూసలు విశ్రాంతిలోకి పోయాయి.

ముందు పంకాల కీచు వినిపించింది. తర్వాత వామనమూర్తి. ఎక్కాల్సిన చోటికి రెండు మెట్లు కింద, బొంగురుపోయి, ఊపిరి చాలక ఈడ్చుకుంటున్న గొంతు. గిటారు వాయిస్తున్నాయన భయంతో చేతులు తీసేశాడు. డోలకు వాడు తడబడి ఆగిపోయాడు. గొంతూ బాసూ, ఆ రెండే మిగిలాయి. ఆ గొంతు ఎవరిదా అన్నట్టు వామనమూర్తి వెనక్కి చూశాడు. తనదే అని అర్థమయ్యాక ఆయన చూపు దెబోరా దగ్గర ఆగింది.

పాడేవాడు జారితే తానూ జారి కింద చెయ్యి పట్టడం బాస్ వాయించేవాడి పాత మర్యాద. ఆ సంగతి ఆమెకు తెలుసు. వేళ్ళు రెండు మెట్లు కిందికి జరిగితే చాలు, తప్పు సగం కప్పబడిపోతుంది. వేళ్ళు పోబోయాయి కూడా. ఆమె వాటిని పోనివ్వలేదు. సరైన స్వరం మీదే, పదే పదే, మేకు కొట్టినట్టు కొట్టింది. ఆయన ఎంత తప్పులో ఉన్నాడో చంటిపిల్లకు కూడా తెలిసేలా కొట్టింది.

వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. నవ్వు హాలంతా పాకింది. వామనమూర్తి మైకు కింద పెట్టేశాడు. ముందు వరుసలో ఒక పిల్ల తాతా అని ఏడ్చింది.

ఎంత హాయిగా ఉందో దెబోరాకు! మూడేళ్ళ మంట మీద చన్నీళ్ళు పోసినట్టయింది. పూసలు మళ్ళీ మేలుకునే సరికి ఆయన వేదిక మీద లేడు.

సామాను గదిలో ఆమె కేబుళ్ళు చుడుతుంటే వామనమూర్తి వచ్చాడు. ఆయన చెవిపూసలు అరచేతిలో ఉన్నాయి.

"నా గొంతు అలాగే ఉంటుందా?"

"అలాగే ఉంటది."

"నీ బాసు వల్ల తెలిసింది. నువ్వు కదల్లేదు కాబట్టి నేనెంత కిందున్నానో తెలిసింది." ఆయన ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. "కాస్త కిందికొచ్చి పట్టుకోవాల్సింది కదమ్మా. ఎందుకు రాలేదు?"

"కావాలనే రాలేదు. ఈ పెట్టెలు కట్టింది అందుకే. పదిమందిలో మీ పరువు తియ్యడానికే."

"నేనేం చేశానని?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. దెబోరా చుడుతున్న కేబులు కింద పడేసింది. "మూడేళ్ళ కిందట. నా కాలు చితికిన రోజు. నేనన్న మాటలు మర్చిపోనారా?"

"మర్చిపోవడమేం? 'మీరేం బాధపడకండి మూర్తి గారూ, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటాను' అన్నావు. ఎంత మర్యాదగా వెళ్ళిందో అని మా ఆవిడతో చెప్పుకున్నాను."

చెవిపూసలు చేసినవాళ్ళు తిట్టు తినేవాడి సంగతే ఆలోచించారు. తిట్టినవాడు దాన్ని తిరిగి ఎక్కడ దాచుకోవాలో వాళ్ళకు తట్టలేదు. మూడేళ్ళుగా దెబోరా పగబట్టిన మనిషికి ఆ పగ ఉన్నట్టే తెలియదు.

"నేనన్నది అది కాదు" అందామె.

"మరేమన్నావు? ఇప్పుడను. చెవుల్లో ఏమీ లేవు."

అంది. ఒక్క అక్షరం వదలకుండా అంది. "పదకొండేళ్ళు నీ ఏడుపు పాటలన్నీ నా భుజం మీద మోసినాన్రా, ఉన్నా ఒకటే లేకున్నా ఒకటేనా? నీ గొంతు పుచ్చిపోను! నువ్వు మడిసివేనా?" అని మొదలుపెట్టి, ఊపిరి ఆడనంత వరకూ అంది. ఆయన ముఖం మీద నవ్వు రాలేదు. మాట మాటకూ ఆ ముఖం కందిపోయింది. అది చూడ్డానికే మూడేళ్ళు బతికానని ఆమెకు అనిపించింది.

"అన్నాను" అన్నాడు చివరికి. "ఆ మాట అన్నాను. తప్పే. నీ కాలు చితికితే నా పాట ఆగుతుందని చూసుకున్నాను." అని ఆగి, గొంతు పెంచాడు. "కానీ మూడేళ్ళా? ఒక్కనాడు మా ఇంటి తలుపు తట్టి, ఆ పూసలు తీసి వినండి అని ఒక్క మాట అనలేకపోయావా? పసిపిల్ల ముందు, అయిదు వందల మంది ముందు నన్ను నవ్వులపాలు చెయ్యడానికి కూర్చుని సాధన చేశావా? నీకు సిగ్గులేదుటే?"

దెబోరా చెంపలు చురుక్కుమన్నాయి. దారినపోయేవాళ్ళు తిట్టారు గానీ, ఆమె ఎవరో తెలిసి, ఆమె చేసిన పనికి, ఆమె కళ్ళలోకి చూసి ఎవరూ ఇలా అనలేదు. తలుపు తట్టాలని ఆమెకు ఒక్కసారీ తోచలేదు. ఎదుటివాళ్ళు వినగలరని అనుకునే అలవాటు ఆమెకూ పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని చూసి ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

ఇలాంటి తగాదాను ఎలా ముగిస్తారో ఇద్దరికీ తెలియదు.

"ఆదివారం మీ ఇంటికొస్తాను" అన్నాడు వామనమూర్తి. "నిన్ను అనాల్సినవి నాకింకా చాలా ఉన్నాయి."

"రండి. నాకూ తీరలేదు."

ఆయన పూసలు జేబులో పడేసుకుని, మనవరాలి కోసం హాల్లోకి నడిచాడు. దెబోరా ముక్కు తుడుచుకుని, మిగిలిన కేబులు చుట్టడం మొదలుపెట్టింది.