ఒంటికన్ను ఉంగరం

భార్య కరీమున్ అందించిన టీ గ్లాసు కోసం సుభానీ చెయ్యి చాపాడు. వేళ్లు గ్లాసుకి జానెడు పక్కన గాలిని పట్టుకున్నాయి. కరీమున్ గ్లాసును ఆ వేళ్ల మధ్యకు జరిపింది. వాకిట్లో అంట్లు తోముతున్న కూతురు సిద్దికా అది చూసి తల దించుకుంది.

సుభానీకి ఎడమకన్ను పోయి చాలా ఏళ్లయింది. చిలకలూరిపేటలో పెళ్లి వంటల ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పని ఆయనది. ఒకనాడు తడి ఆరని గిన్నెలో కరిగిన తగరం పోస్తే, అది చిట్లి కంట్లో పడింది. ఇప్పుడు మిగిలిన కుడికన్నుకి పొర కమ్మింది. ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న చూపు కూడా దక్కదని గుంటూరులో డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. రేపే ఆపరేషన్. స్పిన్నింగ్ మిల్లులో మెకానిక్‌గా చేసే కొడుకు ముదస్సిర్ అందుకోసం సెలవు పెట్టాడు.

"లుంగీలు రెండు సర్దనా?" అంది కరీమున్.

"సర్దు. ఆ పచ్చది వద్దు, చిల్లులు పడింది."

"చిల్లులు కనపడతన్నాయంటే ఇంక ఆపరేషన్ దేనికి?"

"వేళ్లు దూరతన్నాయే దాంట్లోకి!"

కరీమున్ నవ్వింది. సిద్దికా కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

సందు చివర బడ్డీకొట్టులో బీడీలు తెచ్చుకుంటానని గోడలు తడుముకుంటూ వెళ్లిన సుభానీ, బీడీలు లేకుండానే తిరిగొచ్చాడు. ఆరిపోయిన కొలిమి పక్కన కూలబడ్డాడు. కాసేపటికి ముదస్సిర్ వచ్చాడు.

"నాన్నా, పొద్దున్నే బస్సుకి..."

"చెయ్యి ఇలా తే."

ముదస్సిర్ చెయ్యి ఇచ్చాడు. సుభానీ బొటనవేలు కొడుకు వేలి మీదున్న ఉంగరాన్ని తడిమింది. వెండి, రాగి రేకులను పొరలు పొరలుగా కలిపి కొట్టిన ఉంగరం అది. పైభాగాన ఆ పొరలన్నీ ఒక చుక్క చుట్టూ తిరిగి, అచ్చం కన్నులా ఉంటాయి. ఒక్క కన్ను.

"బడ్డీకొట్టు దగ్గర నీ ఫ్రెండు కోటేష్ ఇదేందిరా అంటే ఏం చెప్పావు?"

ముదస్సిర్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ఒంటికన్ను దేవుడన్నావు. వాడు పడీపడీ నవ్వాడు. నేను మీ వెనకాలే ఉన్నా."

"అది జపానోళ్ల కథ నాన్నా. నేను నవ్వలా, కోటేషే..."

"నవ్వినోడు వాడు. నవ్వనిచ్చినోడివి నువ్వు." సుభానీ కొడుకు చెయ్యి వదిలేశాడు. "చిన్నప్పుడు బడికి రావద్దన్నావు. పిల్లలు ఒంటికన్ను సాయిబు కొడుకంటన్నారని ఏడ్చావు. పసోడివిలే అని ఆ రోజు నుంచి ఆ దారినే పోలేదు నేను. ఇప్పుడు నా కన్ను నీ వేలికి సోకయిందా?"

"ఏందయ్యా ఆ మాటలు!" కరీమున్ అడ్డం వచ్చింది.

"నువ్వుండు. రేపు నేను రాను. ఉన్న ఈ కన్నూ పోనీ. అప్పుడు ఉంగరం కూడా అక్కర్లేదు, నన్నే చూపించి నవ్వుకోవచ్చు."

"చెప్పేది ఎప్పుడన్నా విన్నావా నువ్వు?" ముదస్సిర్ ఉంగరం లాగి కొలిమి బూడిదలోకి విసిరికొట్టాడు. బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎవరూ తినలేదు. కరీమున్ సర్దిన సంచి గోడ పక్కన అలాగే ఉంది. బతిమాలింది, తిట్టింది, చివరికి కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. సుభానీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సిద్దికాకు ఉంగరం సంగతి అంతా తెలుసు. కానీ నాన్న ముందు ఆమె ఏనాడూ "ఊ" కన్నా పెద్ద మాట మాట్లాడి ఎరుగదు. ఆపరేషన్ అయ్యి కంటి కట్టు విప్పే రోజుదాకా ఎవరికీ చెప్పనని అన్నయ్యకు ఒట్టు కూడా వేసింది. ఒట్టు నిలబెట్టుకుంటే నాన్నకు చూపు పోతుంది.

సాయంత్రం ఎర్రటి ఎండ వాకిట్లో పడుతుండగా ఆమె లేచి కొలిమి దగ్గర కూర్చుంది. బూడిదను చేత్తో జల్లించింది. ఉంగరం దొరికింది. దాన్ని ఓణీతో తుడిచి తండ్రి మంచం పక్కన నిలబడింది.

"నాన్నా."

"ఏందమ్మా?"

"దీనికి దారం చుట్టుంది, చూడు." ఆయన వేళ్లకు ఉంగరం లోపలి భాగాన్ని తాకించింది. "అన్నయ్యకి వదులు. అందుకని చుట్టాడు. రాగికి వేలు పచ్చబడతదేమో, పొరలు విడతాయేమో, ముందు నేను వేసుకుని చూస్తానన్నాడు. ఇది నీకు చేసింది నాన్నా."

సుభానీ గోరుతో ఆ దారాన్ని గీరాడు.

"నువ్వు నిద్రపోతా ఉంటే నీ వేలికి దారం పెట్టి కొలత తీసింది నేనే. వెండి అమ్మ తెగిపోయిన పట్టీది. రాగి నీ చెంబు ముక్క. నీ కొలిమి మీదే చేశాడు, నువ్వు నమాజుకి పోయినప్పుడల్లా."

ఆమె దారం ఊడదీసి ఉంగరాన్ని ఆయన వేలికి తొడిగింది. పెద్ద కణుపు దగ్గర కాస్త పట్టి, తర్వాత చక్కగా కూర్చుంది.

సుభానీ ఉంగరాన్ని వేలిమీద తిప్పుతూ అడిగాడు. "ఆ ఒంటికన్నాయన... ఆయన కన్నెట్లా పోయిందంట?"

"ఆయన కొలిమి పనోళ్ల దేవుడంట నాన్నా. నిప్పును చూసీ చూసీ పోయిందంటారంట. ఆ దేశంలో పనిముట్టు పట్టేవాళ్లు ఆయనకి దణ్ణం పెడతారంట. ఫోన్లో అది చూసి అన్నయ్య ఎంత ఏడ్చాడో. బడికి రావద్దన్నందుకు ఏడ్చాడు."

సుభానీ చూపులేని కంట్లోంచి కూడా నీరు కారింది.

"దేవుడనమాకమ్మా. అల్లా ఒక్కడే. పెద్ద మేస్త్రి అను." లేచి కూర్చున్నాడు. "మీ అన్నకి ఫోన్ చెయ్యి."

ముదస్సిర్ దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. గడప దాటకుండా నిలబడ్డాడు. తండ్రి వేలిమీద ఉంగరం చూసి చెల్లెలి వైపు చూశాడు. సిద్దికా తల దించుకుంది.

"ఏరా, అక్కడే నిలబడ్డావు? రా." సుభానీ ఉంగరం మీద గోరు నడిపించాడు. ఒకచోట ఆపాడు. "ఇక్కడ అతుకు సరిగా కూర్చోలా. మసి తుడవకుండానే కాల్చావు గదా?"

"అవును నాన్నా."

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలా." ముదస్సిర్ చెప్పులు విడిచాడు. "నిన్ను అడగడానికి మొహం చెల్లలేదు."

సుభానీ చెయ్యి చాపాడు. అది మళ్లీ గాలినే పట్టుకుంది. ముదస్సిర్ వచ్చి నేలమీద కూర్చుని తన తలను ఆ చేతికింద పెట్టాడు.

"చూపొస్తే నేనే అతుకుతా," అన్నాడు సుభానీ. "రాకపోతే, నేను చెప్తా ఉంటా, నువ్వు అతుకు."