రాతి తోరణం దగ్గర అడిగిన మాట

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాన పడిందంటే సందుకీ కాలవకీ తేడా తెలీదు. ఆ ఆదివారం డయానా తెల్ల చీర కట్టుకుని చర్చికి బయల్దేరిందో లేదో, వెనకనుంచి ఒక సైకిలొచ్చి నడుము దాకా బురద కొట్టింది.

"కళ్ళు కనపడవా? బెల్లు లేదా సైకిల్‌కి?"

"ఉందండీ. కొట్టడానికి మొహమాటం వేసింది," అన్నాడు ఉమాశంకర్.

తిడదామని తెరిచిన నోటితో డయానా నవ్వేసింది. ఆ నవ్వే కొంప ముంచింది. మొహమాటం మగాడికి అందమనుకుంది, పిచ్చి పిల్ల!

అతను రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రాలు ఆమె దగ్గర ట్యూషన్‌కొచ్చే డిగ్రీ పిల్ల సత్యవాణి అతని చెల్లెలే. ఇంకేం, చెల్లెల్ని దింపడానికి రోజూ అన్నగారు హాజరు. ఖరిదా బజార్లో ఫుచ్కాలనే పానీపూరీలు, సైకిళ్ళ మీద షికార్లు, ఫోన్లో కబుర్లు. ఫోన్లో అయ్యగారు పులి. "నువ్వు లేకపోతే నేను లేను," అనేవాడు. ఎదురుగా మూడో మనిషి కనిపిస్తే చాలు, పిల్లి.

"మీ అమ్మతో ఎప్పుడు చెప్తావు?"

"మూడ్ సూసి సెప్తాన్లే."

ఆ మూడ్ చూడ్డానికే రెండేళ్ళు పట్టింది మహానుభావుడికి.

అంతలో భీమిలిలో వాళ్ళ చుట్టాలింట్లో పెళ్ళి వచ్చింది. తండ్రి లేని ఇల్లు కాబట్టి ఉమాశంకర్ రైల్వే పాసులో తల్లి పేరూ, పెళ్ళికాని చెల్లెలి పేరూ ఉంటాయి. సత్యవాణికి పరీక్షలు. "దాని బెర్తు ఖాళీయే కదా, డయానాని తీసికెళ్దాం. పాపం, పిల్ల ఎప్పుడూ సముద్రం సూడనేదు," అంది తల్లి అప్పలనర్సమ్మ. ఇలా ఒకరి పేరు మీద ఒకరు వెళ్ళడం తప్పే. కానీ మన సెటిల్‌మెంట్‌లో ఆ తప్పు చెయ్యని ఇల్లుంటే చూపించండి!

ఆ సాయంత్రమే ఉమాశంకర్ ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర, ఒడ్డునే, రాయికి నిలువెత్తు గుమ్మం.

"సముద్రం కొట్టి కొట్టి అలా తొలిసేసింది. ఆ తోరణం కింద నిన్ను నిలబెట్టి అమ్మకి సెప్పేస్తాను. ప్రామిస్."

డయానా ఆ రాత్రే కొత్త చుడీదార్ ఇస్త్రీ చేసుకుంది.

రైలు బాలేశ్వర్ దాటాక టీటీఈ వచ్చాడు. తెలిసిన బెంగాలీ దాదాయే. పాసు చూసి, డయానా వైపు చూసి, "ఎ కే? బోన్?" అన్నాడు, ఎవరీమె, చెల్లెలా అని.

"హా దాదా, బోన్. నా సెల్లెలు," అన్నాడు ఉమాశంకర్ తడుముకోకుండా.

దాదా అటు వెళ్ళగానే డయానా దుపట్టా నోట్లో కుక్కుకుని నవ్వింది. అప్పలనర్సమ్మ నవ్వలేదు. కొడుకు మొహం ఒకసారి చూసి, పులిహోర డబ్బా మూత తీసింది.

మర్నాడు పొద్దున్నే, పెళ్ళి ముహూర్తానికి ఇంకా టైముందని, తోరణం దగ్గరికి వెళ్ళారు. ఆటు సమయం, నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళు బయటపడ్డాయి. "పాసి ఉంది, జారతావు. నా సెయ్యి పట్టుకో," అని అప్పలనర్సమ్మ డయానా చెయ్యి వదల్లేదు. గోధుమరంగు రాయి తలమీదుగా వంగి, అవతలి ఇసకలో కాలు మోపింది. దాని కిందనుంచి సముద్రం కనిపిస్తుంటే డయానా ఉమాశంకర్ వైపు తిరిగింది. ఇప్పుడు చెప్తాడు. ఇదిగో, ఇప్పుడే.

అప్పుడే వెనకనుంచి కేకలేసుకుంటూ దిగాడు పెళ్ళికే వచ్చిన అప్పలనర్సమ్మ తమ్ముడు జగ్గారావు, కూతురు మీనాకుమారిని వెంటేసుకుని. మేనల్లుడికే ఇస్తానని పదేళ్ళుగా అంటున్న కూతురు.

"అప్పా! ఈ పిల్ల ఎవులు?"

అప్పలనర్సమ్మ కొడుకు వైపు తిరిగింది. "నన్నడుగుతావేటి? ఆడినడుగు. సెప్పరా, ఎవులో."

ఉమాశంకర్ మావని చూశాడు, మీనాని చూశాడు, సముద్రాన్ని చూశాడు. చూడవలసిన మనిషిని మాత్రం చూడలేదు.

"సత్యవాణికి ట్యూషన్ సెప్తాది మావా. నాకు... సెల్లి లాంటిది."

రైల్లో ఇదే మాటకి నవ్వాపుకోలేకపోయిన పిల్లకి ఇక్కడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడంటే టీటీఈ ఫైను వేస్తాడు. ఇక్కడ ఎవడు వేస్తాడు?

"అలాగేటి! అయితే ఒక ఫోటో తియ్యమ్మా," అని జగ్గారావు ఫోను ఆమె చేతిలో పెట్టి, కూతుర్ని ఉమాశంకర్ పక్కన నిలబెట్టాడు. డయానా తీసింది. "కొంచెం దగ్గరికి జరగండి," అని కూడా అంది.

తిరుగు రైల్లో, అతను టీలకని ప్లాట్‌ఫారం మీదికి దిగినప్పుడు, అప్పలనర్సమ్మ ఆమె పక్కకి జరిగింది.

"ఇంట్లో కొడుకు గుసగుసలాడతంటే తల్లికి తెలీదేటమ్మా? నాకు నువ్వు ఇష్టమే. నా తమ్ముడి ముందు ఆడు ఒక్క మాటంటే, మిగతాది నాను సూసుకుందును. ఆ మాట ఆడే అనాల."

డయానా ఖరగ్‌పూర్ దాకా కిటికీ వైపునుంచి తల తిప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత ఉమాశంకర్ ఆమె క్వార్టర్ వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు. బయట జోరున వాన.

"డయానా! మీనా సంబంధం వద్దని అమ్మ మావకి ఫోన్ చేసి సెప్పేసింది. మనకి లైన్ క్లియర్!"

"అమ్మ చెప్పిందా?"

"ఆ. సారీ, ఆవేళ నాకు నోరు రానేదు. నువ్వంటే ప్రాణం నాకు, ఒట్టు."

ఆమెకీ ప్రాణమే. దాచేదేముంది? అందుకే ఇంకొక్క అవకాశం ఇచ్చింది.

"డాడీ! ఒకసారి బయటికి రండి. ఈయన మీతో ఏదో చెప్పాలట."

తండ్రి తీతు సగం గెడ్డానికి సబ్బు నురగతోనే వచ్చాడు. "ఏటి బాబూ?"

ఉమాశంకర్ వాన వైపు తిరిగాడు.

"ఏం నేదంకుల్... వాన పడతంది గదా, ఆగినాను."

"అయ్యో, దానికేటి! కూకో, టీ పెడతాను," అని తీతు లోపలికి వెళ్ళిపోయాడు.

డయానా గోడకున్న గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది.

"కోపమా?" అన్నాడు.

"లేదు. నువ్వంటే ఇష్టమే, ఇప్పుడు కూడా. కానీ పెళ్ళనేది నలుగురి ముందు జరుగుతుంది ఉమా. ఆ నలుగురి ముందే నీకు నోరు పెగలదు. వెళ్ళు. గొడుగు తిరిగివ్వక్కర్లేదు."

అతను గొడుగు విప్పుకుని సందులోకి దిగాడు. లోపలినుంచి గ్లాసుల చప్పుడైంది.

"అమ్మా, మూడు గ్లాసులు పొయ్యనా?" అన్నాడు తీతు.

"రెండు చాలు డాడీ," అంది డయానా.