చీనా పచ్చరాతి గిన్నె

నలభై దినాలుగా శత్రుసేనలు చుట్టుముట్టిన గుండ్లకొండ దుర్గంలో, ధాన్యపు కొట్లన్నీ బూడిదైపోగా, సోమిదేవ భూపతి కొలువున మిగిలినవి ఆకలీ అనుమానమూ మాత్రమే. ఆ ఉదయం సేనాని బొల్లినాయకుడు యుద్ధానికి వెళ్లబోతూ, ఆచారం ప్రకారం తన చేతులతో మజ్జిగ పోసి ప్రభువుకు అందించగా, చీనా పచ్చరాతి గిన్నె రెండుగా విచ్చిపోయింది. విషం తగిలితే ఆ రాయి పగులుతుందని రాజ్యమంతటి నమ్మకం. మంత్రి నాగయామాత్యుడు తక్షణమే సేనాని శిరస్సు కోరాడు.

రత్నభాండారి పేరిశెట్టికి సేనాని అంటే ఒళ్లుమంట. నిండు కొలువులో తనను రాళ్లు తుడిచే ముసలివాడని ఎగతాళి చేసినవాడాయె. చస్తే చావనీ అనుకున్నాడు. కాని ముక్కలు ఏరుతుంటే వేలికి తగిలిన అంచు సుద్దలా తెల్లబడి ఉంది. అది నిప్పు సోకిన రాయి. నిన్న పూజకని గిన్నెను అడిగి పుచ్చుకున్నది మంత్రే. సేనాని తల తెగితే రేపటికి కోట తలుపులు శత్రువుకు తెరుచుకుంటాయి. కంచే చేను మేస్తోంది.

నిజం చెప్పాలంటే తన ఇంటి గుట్టు బయటపెట్టాలి. విషం కథ అల్లినవాడు అతని తాత. మూడు తరాలుగా ఆ అబద్ధమే వారికి అన్నం పెట్టింది.

పేరిశెట్టి బాణాలకు పూసే నాభి విషం తెప్పించి, గిన్నెతోపాటు అదే రాతిలో తొలిచిన మూతలో నీళ్లతో కలిపాడు. కొలువంతా ఊపిరి బిగబట్టి చూసింది. మూతకు ఏమీ కాలేదు.

"మహాప్రభూ, ఇది ఉక్కుకత్తి గీతకు లొంగని రాయి, మండుటెండలోనూ చల్లదనము వీడని రాయి. నిప్పున కాల్చి నీట ముంచినచో పగులును గాని, విషమును ఎరుగదు. ఎరుగునని చెప్పి మీ వంశమును మూడు తరములు మోసగించినవారము మేము. దీనిని కాల్చినవాడు మీ మంత్రి."

భటులు వెతకగా మంత్రిగారి పూజగది కుంపటిలో పచ్చని పెచ్చు దొరికింది. నాగయ చేతులకు సంకెళ్లు పడ్డాయి. బొల్లినాయకుడు తన కత్తి తిరిగి అందుకుని, ముసలివాని వైపు చూడనైనా చూడక బురుజుల మీదికి వెళ్లిపోయాడు.

భూపతి ముఖాన కరుణ లేదు. ఆ గిన్నెను నమ్ముకుని పూటపూటా తిన్న అన్నం గుర్తొచ్చి ఆయన దవడలు బిగిశాయి.

"మా ప్రాణములతో మూడు తరములు వ్యాపారము చేసితిరి. ఆ మూతలోనిది నీవే త్రాగుము."

పేరిశెట్టి అలవాటు కొద్దీ తడిబట్టతో మూత అంచు తుడిచి, ఎత్తి తాగాడు. బురుజుల మీద సేనాని భేరి మోగుతుండగా అతను ఒరిగిపోయాడు. జారుతున్న మూతను భటులు ఒడిసి పట్టుకున్నారు. మనిషిని ఎవరూ పట్టుకోలేదు.