బొగ్గు మేడ ఎక్కడ?

"బొగ్గు మేడ దొరికిందా?" ఇయర్‌పీస్‌లో చీఫ్ వెంకటరత్నం అరిచాడు.

"లేదు సర్."

"మూడింటికి డెలివరీ, జయదేవ్! ఆ చిప్‌లో మన జలాంతర్గామి చప్పుడు రికార్డయి ఉంది. విదేశీ ముఠాకు చిక్కిందా, సముద్రంలో ఎక్కడ దాక్కున్నా మనవాళ్లను పట్టేస్తారు. అర్థమైందా?"

ఏజెంట్ జయదేవ్‌కు పొద్దుటినుంచీ అర్థమవుతూనే ఉంది. ట్యాప్ చేసిన ఫోన్‌లో ముఠా మనిషి చైనావాళ్ల కాంటనీస్ భాషలో చెప్పిన చోటు అదొక్కటే, బొగ్గు మేడ. మెటియాబ్రుజ్ గోదాములు గాలించాడు. సంత్రాగాఛి రైల్వే యార్డు గాలించాడు. బొగ్గు ఉంది, మేడ లేదు. కళ్లజోడులోని సీక్రెట్ కెమెరా కోల్‌కతా ఉక్కకు ఎప్పుడో చచ్చింది. ఒళ్లు మండిపోతూ ఏక్‌బాల్‌పూర్‌లోని లిండా బ్యూటీ పార్లర్‌లోకి దూసుకెళ్లి, గాలించిన చోట్లన్నీ ఏకరువు పెట్టాడు.

లిండా లియాంగ్. ముఠాకు కొరియర్, జయదేవ్‌కు ఇన్‌ఫార్మర్. తాతల కాలంలో ఓడల పనికి కాంటన్ నుంచి వచ్చిన వడ్రంగుల మనవరాలు. శ్రీకాకుళం డాక్ కూలీల ఇళ్ల మధ్య పెరిగి తెలుగు కూడా నేర్చింది.

"ఏటి, బొగ్గున్న చోట ఎతుకుతున్నావా?" ఎర్రటి పెదవులు విరిచింది. "దొరలు మావోళ్లని ముందు గుమ్మంలోంచి రానిచ్చీవోరు కాదు. ఏ గుమ్మంలోంచి రానిస్తే మావోళ్లు మేడకి ఆ పేరే ఎట్టేవోరు. బొగ్గు బళ్లు ఎల్లీ దారిని ఎల్లేరు, బొగ్గు మేడన్నారు. ముందునుంచి చూస్తే అంతా పాలరాయే, ఇప్పుడు హోటలు!"

"గంగ ఒడ్డు హోటలా? పాత దొరల కంపెనీ ఆఫీసు? పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"అడిగేవేటి? మ్యాపుల్ని అడిగేవు."

జయదేవ్‌కు తన మీదే కోపం వచ్చింది. ఆ కంపెనీకి మూటలు మోసిన అతని తాత కూడా ముందు గుమ్మం ఎరగడు. పార్లర్ తువ్వాళ్ల మూట భుజానికెత్తుకుని, లాండ్రీవాడి వేషంలో, చీఫ్‌కు చోటు చెబుతూ పరుగెత్తాడు.

హోటల్ వెనక సందు చివర, రేవు మెట్ల దగ్గర లాంచీ ఇంజన్ మోగుతోంది. సూటు వేసుకున్న విదేశీయుడు హోటల్ వంటవాడి చేతిలోంచి చిప్ అందుకుని లాంచీ మీద కాలు పెట్టాడు. జయదేవ్ మూట విసిరాడు. సూటువాడు మెట్ల మీద బోర్లా పడ్డాడు. నీళ్లలోకి జారిపోతున్న చిప్‌ను జయదేవ్ మోకాలి లోతు బురదలో దిగి అందుకున్నాడు. వెనకే వచ్చిన కమాండోలు వంటవాణ్ని పట్టుకుని, సూటువాడికి బేడీలు వేశారు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఆ సూటువాణ్ని లాబీలోంచి తీసుకురా. కారు ముందు గుమ్మం దగ్గరుంది."

పాలరాతి లాబీ దాటి ముందు గుమ్మం చేరగానే, తలుపు దగ్గరి దర్వాన్ జయదేవ్ ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాదా, లాండ్రీవాళ్లు వెనకనుంచి!"

బేడీలు వేసుకున్న సూటువాడికి మాత్రం సెల్యూట్ కొట్టి తలుపు తెరిచాడు.