అమావాస్య మర్నాడు మూడుంపావు

మధ్యాహ్నం రెండూ నలభైకి శుభవార్త వచ్చింది.

"పాకం వచ్చింది బావా. బండెత్తీ."

అనకాపల్లి బెల్లం మార్కెట్ ఎదుట చెరకు రసం తీస్తున్న నానాజీకి, తలపాగా కింద దాచిన ఇయర్‌పీస్‌లో వినబడ్డ మాటలవి. పాకం వచ్చిందంటే విదేశీ ముఠా నాయకుడు దొరికాడని, మిషన్ ముగిసిందని అర్థం; బండెత్తీ అంటే దుకాణం కట్టేసి వచ్చి కలవమని. చెప్పినవాడు నిఘా విభాగం చీఫ్ త్రినాధరావు. నానాజీని ఏజెంట్‌గా తీసుకొచ్చిందీ, పని నేర్పిందీ ఆయనే. చీఫ్ అయ్యాక కూడా "బావా" అన్న పిలుపు మానలేదు.

నానాజీ ఒక లేత గడ ఏరి, అల్లం ముక్క, నిమ్మచెక్క మడిచిపెట్టి తన కోసమే పిండుకున్నాడు. పెట్టుడు మీసానికి నురగ అంటినా తుడుచుకోలేదు. నలభై రోజులుగా ఊరందరికీ పోసినా తాను తాగిన మొదటి గ్లాసు అదే. ఇంత బాగుంటుందా అనిపించింది.

ఎదుటి మేడ మీద ఒక ఇన్వెస్ట్‌మెంట్ డేటా ప్లాట్‌ఫామ్ నడుస్తోంది. రాజయ్యపేట మత్స్యకారులు, దేవరాపల్లి చెరకు రైతులు దాచుకున్న పింఛను నిధి ఆ ప్లాట్‌ఫామ్ లెక్కల ప్రకారమే షేర్లు కొంటుంది, అమ్ముతుంది. అందులో ఎవరికి కావలసిన కస్టమ్ ఫీల్డ్, అంటే సొంత లెక్కల గడి, వాళ్లు పెట్టుకోవచ్చు. దాని డెఫినిషన్‌లో ఏ ఫార్ములా రాస్తే అదే అమలవుతుంది. ముఠా అలాంటి ఫీల్డ్ ఒకటి పెట్టి నిధిని ఊడ్చేస్తుందని కబురు తెచ్చింది ఆ మేడ మీదే పనిచేసే ధనశ్రీ. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ముఠా ఇచ్చే జీతం, మనకు చేసే పని: డబుల్ ఏజెంట్. ఆమె చెప్పిన తేదీ నిన్న. నిన్న ఏమీ జరగలేదు. ఆమెను నానాజీ ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

ఆమె మేడ దిగి వచ్చేసరికి అతను చెరకు పిప్పి కింది లాప్‌టాప్ తీసి ఫైనల్ రిపోర్ట్ తయారుచేస్తున్నాడు. ఫీల్డ్ పేరు, ఫార్ములా, పెట్టినవాళ్లు, అమలు తేదీ అడిగే ఎస్‌క్యూఎల్ క్వెరీ రోజూ కొట్టేదే. చివర ఒక షరతు ఉండేది: వాడుకలో ఉన్న ఫీల్డులే చూపించు. అది త్రినాధరావు నేర్పినది. ఆపేసినవి చూడ్డం చచ్చినోళ్ల ఓటర్ లిస్టు చదవడమేనని ఆయన నవ్వేవాడు. రిపోర్ట్‌లో మాత్రం అన్నీ ఉండాలి కాబట్టి, నానాజీ ఇవాళ ఆ షరతు తీసేసి క్వెరీ కొట్టాడు.

కొత్తగా ఒక్క వరుస వచ్చింది. తుఫాను రిస్క్ అనే ఫీల్డ్. ప్రస్తుతం ఆపివుంది. ఈరోజు మూడుంపావుకి దానంతటదే మేలుకుంటుంది. మేలుకున్న మరుక్షణం నిధి మొత్తం అమ్మేసి విదేశీ కంపెనీకి పంపేస్తుంది. పెట్టినవారు: ధనశ్రీ.

టైము మూడూ రెండు. నానాజీ ఆమె చేతికి బేడీ వేసి, రెండో కొస రసం మిషను చక్రానికి తగిలించాడు. ఆమె గింజుకోలేదు. స్క్రీన్ చదివి, నిదానంగా అడిగింది.

"నాకు చెప్పిన తేదీని ఒక్కరోజు జరిపారు. నిన్న ఏమిటి నానాజీ గారూ?"

"అమావాస్య."

"నేను చెన్నైలో పెరిగాను. మా వీధిలో కొత్త షాపు అమావాస్య చూసుకునే తెరుస్తారు. ఆ విదేశీయులకి అమావాస్యంటేనే తెలీదు. దానికి జడిసి పని వాయిదా వేసేది మీ ఊరివాళ్లే. నా లాగిన్, పాస్‌వర్డ్ నాకు ఇచ్చిందెవరు?"

ఇచ్చినవాడు త్రినాధరావు; అంటే ఆమె పేరుతో ఆయనా లోపలికి వెళ్లగలడు. ఆ షరతు నేర్పినవాడు, ఇప్పుడు బండెత్తమన్నవాడు కూడా. నానాజీకి గ్లాసులో మిగిలిన రసం తాగబుద్ధి కాలేదు.

తన లాగిన్‌తో ఆపబోయాడు. ఫీల్డ్ ఎవరి పేరున ఉంటే వాళ్లే కొట్టేయగలరంది ప్లాట్‌ఫామ్. పైఅధికారులకు ఫోన్ చేస్తే లైను దొరకలేదు. మూడూ పద్నాలుగు. ఎన్నడూ నమ్మని మనిషి చేతి బేడీ విప్పి, లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. ఆమె వేళ్లు కీబోర్డ్ మీద పరిగెత్తాయి. ఇంకా రెండు సెకన్లు ఉన్నాయనగా ఆ వరుస మాయమైంది.

వెంటనే ఇయర్‌పీస్ పలికింది. "ఇంకా రాలేదేటి బావా?"

"వత్తన్నాను. నువ్వెక్కడున్నావు?"

"స్టేషన్లో."

రైలు రాకముందే పోలీసులతో వెళ్లి పట్టుకున్నారు. బెంచీ మీద సూట్‌కేసుతో కూర్చున్న త్రినాధరావు పారిపోవడానికి కూడా ప్రయత్నించలేదు. నానాజీ ఒక్కటే అడిగాడు.

"దేశాన్ని అమ్మడానికి కూడా మంచి రోజు సూసేవా బావా?"

"అలవాటు," అన్నాడు త్రినాధరావు, పట్టాల వైపు చూస్తూ.

పోలీసు జీపు ఆయన్ని తీసుకెళ్లాక, రేపు ఢిల్లీ బ్రీఫింగ్‌కి వస్తున్నారా అని ధనశ్రీ అడిగింది. నానాజీ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే నాతవరం వెళ్తాను. అక్కడ బావ వాళ్లమ్మ అచ్చియమ్మ గారికి టీవీ కన్నా ముందు నేనే చెప్పాలి. ఎవరొచ్చినా అన్నం పెట్టాకే ఆవిడ మాట వింటుంది. అందుకని ఏమీ తినకుండా బయల్దేరాలి."