మంచం కోడుకు కట్టిన కత్తెర

గంజి వార్చగానే గంగాలమ్మ దాన్ని పాత నూలుచీర ముక్కలో వడగట్టింది. వెలుతురులో పెట్టి చూసి మళ్ళీ వడగట్టింది. ఒక్క మెతుకు కూడా ఉండకూడదన్న మాట ఆమెకు బాగా గుర్తుంది. ఆసుపత్రిలో చెప్పిన మిగతా మాటల్లో చాలావాటిని ఆమె వినలేదు. డాక్టరమ్మ "ఎముక" అన్నప్పుడల్లా ఆమె చెవుల్లో హోరు పుట్టేది, ఒడ్డున గాలి లేచినట్టు.

మంచం మీద మహేశ్వరి దిళ్ళకు ఆనుకొని కూర్చుని ఉంది. బుగ్గలు ఉబ్బిపోయి కళ్ళు రెండు గీతల్లా మిగిలాయి. పై పళ్ళ క్లిప్పులనూ కింది పళ్ళ క్లిప్పులనూ సన్నటి తీగలతో కలిపి బిగించారు. కోసి సరిచేసిన దవడ ఎముక అతుక్కునేదాకా నోరు తెరవడానికి లేదు. నిన్న సాయంత్రమే ఆమెను జాలారిపేటలో ఉన్న ఇంటికి తీసుకొచ్చారు. తండ్రి దుర్గారావు కూతుర్ని జాగ్రత్తగా మంచం మీద కూర్చోబెట్టి, ఆ ముఖంకేసి రెండోసారి చూడకుండా బోటు మీద వేటకు వెళ్ళిపోయాడు.

మహేశ్వరికి చిన్నప్పటి నుంచీ కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. పండుగప్ప చేపకు కింది మూతి అలాగే ఉంటుంది కాబట్టి, పేటలో పిల్లలు ఆమెను పండుగప్ప అనే పిలిచేవారు. ముందు పళ్ళు ఒకదానికొకటి తగలకపోవడంతో ఏదీ కొరకలేదు. అన్నం సరిగా నమలకుండా మింగి, కడుపు పట్టుకొని కూర్చునేది. ఎస్టీడీ బూత్‌లో పనికి చేరాక, ఆమె చెప్పిన మాట అర్థంకాక వచ్చినవాళ్ళు "ఏటమ్మా? ఏటీ?" అని రెండుసార్లు అడిగేవారు. పళ్ళు చూపించుకోవడానికి వెళ్తే డాక్టర్ సత్యశ్రీ ఆపరేషన్ సంగతి చెప్పింది. ఏడాది పైగా క్లిప్పులు వేసుకుని పళ్ళను వరసలోకి తెచ్చుకున్నాకే ఆ రోజు వచ్చింది. అన్నాళ్ళూ గంగాలమ్మ వద్దంటూనే ఉంది. మహేశ్వరి మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేది. "నాకు భయం నేదమ్మా."

"పాపకి దిష్టి తియ్యి ముందు," అంది పోతమ్మ గడపలో కూర్చుని. ఆమె దుర్గారావు తల్లి. ఆమె కింది దవడ కూడా ముందుకే ఉంటుంది. మహేశ్వరికి ఆ మూతి వచ్చింది ఆమె నుంచే.

"దిష్టి తర్వాతత్తా. ముందు గంజి పొయ్యనీ."

"నా మూతి నచ్చక కోయించుకున్నాది. నాకేటి, పెళ్ళవనేదా? పిల్లలు పుట్టనేదా? ఈ మూతితోనే కదే హార్బర్లో సేపలమ్మినాను! నాను కేకేత్తే బేరగాళ్ళు జడిసిపోయీవోరు."

"నీ మూతికి కాదు, నీ నోటికి జడిసీవోరు," అంది గంగాలమ్మ.

మహేశ్వరికి నవ్వొచ్చింది. నవ్వడానికి లేక ముక్కుతో హుమ్మంది. ఆ చప్పుడుకే గంగాలమ్మ బెదిరి గిన్నె దించింది. "ఏటే? ఏటైనాది?"

ఏమీ లేదని మహేశ్వరి చెయ్యి ఊపింది.

గంగాలమ్మ సూది లేని సిరంజిలోకి గంజి తీసుకొని, దాని కొనకు తొడిగిన చిన్న గొట్టాన్ని కూతురి బుగ్గ లోపలికి దూర్చింది. కొద్దికొద్దిగా వదిలింది. గంజి పళ్ళ సందుల్లోంచి లోపలికి వెళ్తోంది. కొంత కింది పెదవి మీదుగా గడ్డం మీదికి కారుతోంది. మహేశ్వరి తుడుచుకోలేదు. కారుతున్నట్టే ఆమెకు తెలియడం లేదు.

గంగాలమ్మ తన చీర చెంగుతో తుడవబోయి ఆగిపోయింది. కూతురి పెదవి ఎర్రగా కందిపోయింది. గిన్నెలో వేలు పెట్టి, చురుక్కుమనడంతో వెనక్కి తీసింది.

"ఇంత ఏడిగా ఉంటే సెప్పవేటే! కాలనేదా?"

మహేశ్వరి తల అడ్డంగా ఊపింది. పెదవి మీద వేలు పెట్టి నొక్కి చూపించింది. తెలియడం లేదని సైగ చేసింది.

"తెలవదా? పెదివి సచ్చిపోయినాదా?" గంగాలమ్మ గిన్నె కింద పెట్టేసింది. "ఒలమ్మో, నా బిడ్డ పెదివి సచ్చిపోయినాది అత్తా! నాను ముందే సెప్పినాను. వద్దే, దేవుడిచ్చిన మొకమే, వద్దే అంటే ఇన్నాదా? భయం నేదంట! భయమున్న మనిసైతే ఇంటి మాట వింటాది. దీనికి భయమూ నేదు, కన్నతల్లి మీద జాలీ నేదు!"

మహేశ్వరి ఏదో చెప్పాలని చూసింది. బిగిసిన పళ్ళ వెనక మాటలు నలిగిపోయాయి.

"ఏటంటన్నావే? ఇప్పుడేటి సెప్తావ్? నోరు కుట్టించుకొని వచ్చినావు కదా!"

ఆ మాటతో ఉబ్బిన కళ్ళ గీతల్లోంచి నీళ్ళు కారాయి. మహేశ్వరి తనే నొప్పి మందు సిరంజిలోకి తీసుకొని ఒక్కసారిగా లోపలికి వదులుకుంది. ఖాళీ సిరంజిని గిన్నె పక్కన పడేసి గోడవైపు తిరిగింది. గంగాలమ్మ వంటగదిలోకి పోయి, పొయ్యి ముందు చేతులు ముడుచుకొని నిలబడింది.

కాసేపటికి మంచం కిర్రుమంది. పోతమ్మ కేక వినబడింది.

"గంగాలూ! గుంటకి వాంతొత్తంది!"

గంగాలమ్మ పరుగెత్తుకొచ్చింది. మహేశ్వరి మంచం అంచుకు జరిగి రెండు చేతులతో కోడును పట్టుకొని ముందుకు వంగి ఉంది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. నోరు మూసే ఉంది. గంగాలమ్మకు ఒక్క క్షణంలో ఆసుపత్రి గది, బల్ల, ఆ బల్ల మీద డాక్టరమ్మ పెట్టిన చిన్న కత్తెర కళ్ళ ముందుకొచ్చాయి. తీగలు కోసే కత్తెర. "ఇది ఎప్పుడూ అమ్మాయి చేతికందేలా ఉండాలమ్మా" అంది ఆవిడ. ఎందుకో కూడా చెప్పింది. ఆ చెప్పింది మాత్రం హోరులో కలిసిపోయింది.

"కత్తెరేదత్తా? కత్తెరేదీ?"

పోతమ్మ ముఖం పాలిపోయింది. నిన్న సాయంత్రం ఆ కత్తెరను చూడగానే ఆమెకు అర్థమైంది ఒక్కటే. బాలింత మంచం దగ్గర ఇనుము పెడతారు, గాలీ ధూళీ సోకకుండా. ఇదీ అలాంటిదే అనుకుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, గుడ్డలో చుట్టి, ఎవరూ కదపకుండా వలతాడుతో మంచం కోడుకు కట్టేసింది. చేయి తిరిగిన ముడి. లాగినకొద్దీ బిగుసుకుంటుంది. సముద్రంలో వలను పోనివ్వని ముడి.

ఆ ముడి ఇప్పుడు ఆమె వేళ్ళకు లొంగడం లేదు.

"నాగొద్దత్తా, బిగిసిపోతంది! తప్పుకో!" గంగాలమ్మ కత్తిపీట తెచ్చింది. తాడు కోస్తుంటే చెయ్యి జారి వేలు తెగింది. గుడ్డ విప్పింది. పసుపుతో జారిపోతున్న కత్తెరను పిడికిట్లో పట్టుకొని కూతురి గడ్డం పైకెత్తబోయింది.

మహేశ్వరి తల ఎత్తలేదు. ఒక చేత్తో తల్లి మణికట్టు పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా. రెండో చెయ్యి తెరిచి "ఆగు" అన్నట్టు చూపించింది.

"ఒదులే! ఊపిరాడక సచ్చిపోతావే! ఒదులు!"

మహేశ్వరి వదలలేదు. ఇంకా కిందికి వంగింది. గంజీ, మందూ, లోపల మింగిన పాత రక్తపు చారలూ పళ్ళ సందుల్లోంచి, బుగ్గల పక్క నుంచి వాటంతటవే నేల మీదికి కారిపోయాయి. మళ్ళీ ఒకసారి వచ్చింది. అదీ కారిపోయింది. తర్వాత ముక్కుతో పొడుగ్గా గాలి పీల్చిన చప్పుడు వినబడింది. మళ్ళీ పీల్చింది. గంగాలమ్మ కత్తెర పట్టుకొని ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది.

కూతురి పట్టు మెల్లగా సడలింది. గంగాలమ్మ నేల మీద కూలబడింది. పోతమ్మ గోడకు చేరబడి, "నా బిడ్డ ఊపిరికి నానే ముడేసినాను... నానే..." అంటూ నెత్తి కొట్టుకుంది.

మహేశ్వరి తడి గుడ్డతో మూతి తుడుచుకొని తల్లి పక్కన కిందే కూర్చుంది. పళ్ళు కదపకుండా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి గంగాలమ్మ చెవి దగ్గర పెట్టి విన్నది.

"ముందుకి వంగితే... అదే వచ్చేత్తాది. గాలి ఆడకపోతేనే... కొయ్యాల. ఊరికే కోత్తే... ఎముక కదిలిపోద్ది."

"ఇయ్యన్నీ నీకెవులు సెప్పినారే?"

"డాక్టరమ్మ. నీ ముందే సెప్పింది. నువ్వు ఫేన్‌కేసి సూత్తన్నావు."

గంగాలమ్మకు ఆ ఫ్యాను గుర్తొచ్చింది. ఒక రెక్క వంకరగా ఉంది. ఆమెకు గుర్తున్నది అదే.

"మరి పెదివి?"

"అదీ సెప్పింది. నరం అదిరిపోద్దంట. కొన్నాళ్ళకి వత్తాది. ఒక్కోళ్ళకి... పూర్తిగా రాకపోవచ్చంట."

"రాకపోవచ్చని తెలిసే వెళ్ళినావా? భయమెయ్యనేదా నీకు?"

 మహేశ్వరి నేల మీద తెగిపడిన వలతాడు ముక్కను తీసింది. 

"వేసింది. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు... దిగి పారిపోదామనుకున్నాను. ఇప్పుడూ వేత్తంది. కళ్ళు మూత్తే వేత్తంది."

"మరి నేదు నేదు అన్నావేటే ఇన్నాళ్ళూ?"

"భయమంటే... నువ్వు ఆపేద్దువు. నీ భయం పెద్దదమ్మా. నాది పెట్టుకోడానికి... ఇంట్లో సోటు నేదు."

 గంగాలమ్మ తనొక్కతే భయపడుతున్నానని అనుకొని ఇన్నాళ్ళూ ఆ భయాన్ని కూతురి నెత్తినే కుమ్మరించింది. ఆ పిల్ల ఒక్కతే కూర్చుని అన్నీ విని, అన్నీ గుర్తుపెట్టుకొని, ఆ భయంతోనే మత్తుమందు తీసుకుంది. కన్నతల్లి పక్కనే ఉండి ఫ్యాను చూసింది.

కత్తెరను చీర చెంగుతో తుడిచింది. పసుపు మొత్తం పోయేదాకా తుడిచింది. "సెప్పు," అంది. "అవసరమైతే ఏది కొయ్యాల? నాకు సూపించు."

మహేశ్వరి కింది పెదవిని వేలితో లాగి చూపించింది. పైకీ కిందికీ నిలువుగా కట్టిన తీగలు. "ఇయ్యే. అడ్డంగా ఉన్నవి కావు."

"నిలువువి," అంది గంగాలమ్మ. "అడ్డమైనవి కావు." చదువుకునే పిల్లలా మళ్ళీ అంది. ఆ తర్వాత కత్తెరను మంచం పక్క మేకుకు, ముడి లేకుండా తగిలించింది.

పోతమ్మ పాక్కుంటూ వచ్చి మనవరాలి పాదం పట్టుకుంది. "నా మీద కోపమేటే?"

మహేశ్వరి లేదని తల ఊపింది. ఆగి, కూడబలుక్కుని అంది. "మామ్మా... కోయించుకున్నది నమలడానికే కాదు. మొకం కోసం కూడా. పండుగప్ప అంటే... నాకు ఏడుపొచ్చేది."

పోతమ్మ కాసేపు తన గడ్డాన్ని తనే తడుముకుంది. "నన్నూ అనీవోరే," అంది. "నాను రాళ్ళుచ్చుకొని కొట్టీదాన్ని. నీకు రాయి ఇసరడం రాదు, ఏటి సేత్తావ్ మరి. పోన్లే. కళ్ళు నాయే కదా. అయ్యి కోయించుకోనేదు."

తర్వాతి వారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు గంగాలమ్మ డాక్టరమ్మ ఎదుట ముందు కుర్చీలో కూర్చుంది. ఫ్యాను వైపు చూడలేదు. వాపు ఎప్పుడు దిగుతుంది, ఎటు తిరిగి పడుకోవాలి, ముక్కులోంచి రక్తం వస్తే ఏం చెయ్యాలి, జ్వరం వస్తే ఎప్పుడు పరుగెత్తుకు రావాలి అన్నీ అడిగింది. అర్థంకానిచోట ఆపి మళ్ళీ చెప్పించుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. అయితే ఇప్పుడు దానికి పేర్లున్నాయి.

ఆనాటి నుంచి గంజి చల్లార్చి తన పెదవికి తాకించి చూసుకున్నాకే కూతురికి పోసేది. ముఖంలో వాపు దిగి కొత్త గడ్డం బయటపడుతోంది. వేట నుంచి తిరిగొచ్చిన దుర్గారావు కూడా తలుపు దగ్గర నిలబడి, దొంగచూపులు మాని తిన్నగా చూడడం నేర్చుకున్నాడు. పెదవి మాత్రం మొద్దుగానే ఉంది.

ఒకరోజు పొద్దున్నే మహేశ్వరి ఉలిక్కిపడి లేచింది. గడ్డం పట్టుకొని, "అమ్మా! సీమలే! పెదివి లోపల సీమలు పాకుతన్నాయే!" అని పళ్ళ మధ్యనుంచి అరిచింది. కళ్ళలో దాచుకోని భయం.

గంగాలమ్మ చేటలో బియ్యం వదిలేసి వచ్చింది. కూతురి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"భయపడుతన్నావా?"

"ఊఁ."

"భయపడు. పర్లేదు. కానీ అయ్యి సీమలు కావే. ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు ముందుగా లేచి గది బయటికి వెళ్ళినావు చూడు, అప్పుడు నానడిగినాను. సీమలు పాకినట్టుంటే బెంగెట్టుకోవద్దు, నరం లేత్తందన్నమాట అన్నాది డాక్టరమ్మ. పెదివి ఒడ్డుకొత్తందే."

మహేశ్వరి తల్లి భుజం మీద తల వాల్చి, నోరు తెరవకుండా, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అన్నాళ్ళ భయమూ అప్పుడు బయటికొచ్చింది. గంగాలమ్మ వద్దనలేదు.

తీగలు విప్పబోయే రోజు దగ్గరపడింది. గడపలో కూర్చుని పోతమ్మ ఏదో అనడంతో అత్తాకోడళ్ళకు మాటా మాటా పెరిగింది. ఆ ధ్యాసలో గంగాలమ్మ గంజి చల్లార్చడం మరిచి, పొయ్యి మీద నుంచి దించిన గిన్నెతోనే వచ్చి సిరంజి నింపింది. రెండు చుక్కలు కూతురి కింది పెదవి మీద పడ్డాయి.

మహేశ్వరి చటుక్కున వెనక్కి జరిగింది.

"అమ్మా! కాలతందే!"

గంగాలమ్మ చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది. గడపలో పోతమ్మ తిట్టు మధ్యలోనే ఆగింది.

"ఏటన్నావ్?"

"కాలతంది."

గంగాలమ్మ కళ్ళు నిండి, కూతురి ముఖం కనబడకుండా పోయింది.

"ఇంకోపాలి అను తల్లీ," అంది. "ఇంకోపాలి."