కాశీలో వదిలిన ఆకు

ఆకులోన దాగి అమృతమై నిలిచిన
వేదమూర్తి నీకు వినతి సేతు
కలశహస్తదేవ కరుణతో బ్రోవుమా
ధరణి జనులనెల్ల దయను జూచి

ఆ ధన్వంతరిని తలచి చెబుతున్న కథ ఇది.

రాజమహేంద్రవరంలో ఆ ఉదయం పురిటిగది గాజుతలుపు తెరుచుకోలేదు. నలుగుపిండి గిన్నెతో గడప ముందు నిలిచిన వకుళమ్మ ఊపిరిని పరీక్షించి, ‘గడపకాపు’ యంత్రం, "మీ ఒంట్లో పొడిజ్వర రక్షణ లేదు" అని మృదువుగా పలికింది. లోపల ఆమె మనవరాలు మందాకిని, ఒడిలో కొత్తగా పుట్టిన ఆడపిల్ల.

సూదిమందులు కనుమరుగై కొన్నేళ్ళయింది. ఇప్పుడు ప్రతి వంటింటి కిటికీలోనూ రక్షాశాకం పెరుగుతుంది. చూపుకు తోటకూరే, కాని దాని జన్యువులో శాస్త్రజ్ఞులు పసివాళ్ళను కబళించే పొడిజ్వర క్రిమి ఆనవాలును పొదిగారు. ఎండనూ నీటినీ తాగి ఆ ఆకే టీకాను వండుతుంది. పిడికెడు పచ్చిగా నమిలితే చాలు. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం అది పట్టదు; చుట్టూ ఉన్న పెద్దలే వారికి కవచం. ఆ అద్భుతాన్ని సృష్టించినవారిలో మందాకిని ఒకతె. తోటకూర తినని ఇల్లుండదని దాన్ని ఎంచినదీ ఆమే.

"పిడికెడు నమిలెయ్యి అమ్మమ్మా! పిల్లకి నీళ్ళు నువ్వే పొయ్యాలి."

"తోటకూర కాశీలో వదిలేశానే."

"అందరూ కాకరకాయ వదుల్తారు. నీకిదే దొరికిందా?"

"ఇష్టంలేనిది వదిలితే విశ్వనాథుడికి తెలీదనుకున్నావుటే? తోటకూర పులుసంటే నాకు ప్రాణం. అందుకే వదిలాను."

"ఇది కూర కాదు, మందు!"

"నీ కోసమే వదిలానే పిచ్చిదానా. నెలలు నిండకుండా పుట్టావు, దక్కవన్నారు. ‘ఈ పిల్లనివ్వు తండ్రీ, ఈ ఆకు జన్మలో ముట్టను’ అని గంగలో మునిగాను. ఆయన ఇచ్చాడు. ఇప్పుడు నేను మాట తప్పనా?"

మందాకిని కిటికీలోని రక్షాశాకం వైపు చూసింది. ఏ ఆకును వదిలితే తన ప్రాణం నిలిచిందో, ఆ ఆకులోనే తాను లోకానికి ప్రాణరక్షణ నింపింది! ఈశ్వరలీలకు ఒళ్ళు జలదరించింది. ఎండనూ తెగులునూ లెక్కించిన తమ శాస్త్రం మొక్కును లెక్కించలేదు.

"మరి దీన్ని ఎత్తుకోవూ?"

వకుళమ్మ కళ్ళు తుడుచుకుంది. "చూస్తున్నాగా. నీళ్ళు జోరుగా పొయ్యకే, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టు!" అంటూ గాజుకు ఇవతలినుంచే నేర్పింది.

పచ్చిబాలింతతనం తీరగానే మందాకిని అదే టీకాను పొదగడానికి పొన్నగంటికూర జన్యువును పట్టుకుంది. ఎన్నో మొలకలు ఓడాక ఒకటి ఫలించింది. ఆ ఆకు వకుళమ్మ విస్తట్లోకి వచ్చి గాజుతలుపు తెరుచుకునేసరికి, కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళుపోయవలసిన పసికందు లేదు. తప్పటడుగుల పిల్ల ఒకతె తానే నడిచివచ్చి, ఆ ముసలి ఒడిలోకెక్కి కూర్చుంది.

ఈ కథ విన్నవారికెల్ల ఆయురారోగ్యాలు కలుగుగాక! వారి మొక్కులు చెల్లుగాక! వారి ఇళ్ళ పసివారికి పెద్దల ఒడి దక్కుగాక!